నస్కల్ దంతం: దక్కను రాళ్లలో దొరికిన పూర్వచరిత్ర

దేవరకొండ చరిత్ర అనగానే రేచర్ల పద్మనాయకులు, ఏడు గుట్టల నడుమ వాళ్లు నిలిపిన కోట గుర్తొస్తాయి. ఆ చరిత్ర వయసు ఆరేడు వందల ఏళ్లు. కోటగోడలకు పీఠమైన గుట్టల వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. ఈ రెండు లెక్కల నడుమ పరుచుకున్న కాలం మన స్థానిక చరిత్రల్లో దాదాపు ఖాళీగానే ఉండిపోయింది. నల్లగొండ, పాలమూరు జిల్లాల గురించి ఎంత రాసుకున్నా రాజుల దగ్గర మొదలుపెడతాం, మరీ వెనక్కి వెళితే రాకాసిగుళ్లనే పెద్దరాతి సమాధుల దాకా పోతాం. అక్కడ ఆగిపోతాం.

ఆ ఖాళీని పూరించే సాక్ష్యాల్లో ప్రపంచ శాస్త్రం అత్యంత విలువైనవిగా ఎంచినవి కొన్ని మన పడమటి హద్దులోనే దొరికాయి. అవి కోరలు కావు, కొండంత అస్థిపంజరాలు కావు. ఒకటి రెండు మిల్లీమీటర్ల దంతాలు. అవి చుంచెలుకంత నాలుగు కాళ్ల జంతువువి. శాస్త్రవేత్తలు దానికి పెట్టిన పేరు దక్కనోలెస్టెస్. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట, రాక్షసబల్లుల చివరి రోజుల్లో, ఇప్పటి వికారాబాద్ జిల్లా నస్కల్ దగ్గర అది చెట్లెక్కి బతికింది. ఈ నేల మీద దాని వెతుకులాట ఎలా సాగింది, ఒక్కొక్క తరం దాన్ని ఎలా అర్థం చేసుకుంది, దాని వల్ల మన ప్రాంతానికి దక్కిన స్థానం ఏమిటి అన్నవి ఒక్కసారి వెనుదిరిగి చూసుకోవలసిన విషయాలు.

రాళ్ల వరుస

ముందు రాళ్ల సంగతి తెలియాలి. దేవరకొండ గుట్టలు గ్రానైట్. భూమి లోతుల్లో కరిగిన పదార్థం మెల్లగా చల్లారి గట్టిపడిన రాయి అది. దాన్ని ఎంత తొలిచినా ఎముక దొరకదు. ఎముక ఉన్న ప్రాణి అప్పటికి పుట్టనే లేదు. దక్షిణాన కృష్ణ వైపు దిగితే లంబాపూర్, పెద్దగట్టు దగ్గర గ్రానైట్ మీద శ్రీశైలం క్వార్ట్‌జైట్ పొరలు కనిపిస్తాయి. ఆ రెండు రాళ్లు కలిసే చోట యురేనియం ఉందని తెలిశాక ఈ ఊళ్ల పేర్లు పత్రికల్లోకి ఎక్కాయి. ఆ పొరలు నీటి అడుగున పేరుకున్న ఇసుక. అయితే అవి కూడా నూరు కోట్ల ఏళ్లకు మించిన పాతవి. నాలుగు కాళ్లతో నేల మీదికి వచ్చిన తొలి జంతువుల వయసు 37 కోట్ల ఏళ్లకు అటూ ఇటూ. అంటే దేవరకొండ రాళ్లు ఆ కథకు చాలా ముందే ముగిసిపోయాయి.

నాలుగు కాళ్ల జంతువుల శిలాజాలు కావాలంటే తెలంగాణలో రెండు దిక్కులున్నాయి. ఈశాన్యాన ప్రాణహిత–గోదావరి లోయ ఒకటి. అక్కడి మలేరి పొరల్లో రైంకోసార్లు, మొసలిని పోలిన పారాసూకస్ దొరికాయి. వాటి పైనున్న కోటా పొరల్లో బరపాసారస్, కోటాసారస్ అనే పొడవు మెడ రాక్షసబల్లులు బయటపడ్డాయి. యామన్‌పల్లి దగ్గర తవ్వి తీసిన కోటాసారస్‌ను 1988లో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన పి. యాదగిరి శాస్త్రలోకానికి పరిచయం చేశారు. దాని అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబడి ఉంది. పిల్లలు చూసి మురిసేది దాన్నే. ఆ లోయకు దక్కిన పేరు న్యాయమైనదే.

రెండో దిక్కు పడమర. దేవరకొండ నుంచి కల్వకుర్తి, షాద్‌నగర్ మీదుగా పరిగి, వికారాబాద్ వైపు వెళ్తుంటే నేల రంగు మారుతుంది. ఎర్ర చెలకలు పోయి నల్లరేగడి వస్తుంది. గుండ్రటి గ్రానైట్ బండరాళ్ల బదులు చదునైన తలలతో గుట్టలు కనిపిస్తాయి. దక్కను లావా అంచు ఇక్కడే మొదలవుతుంది. ఈ లావా గుట్టల్లోని అనంతగిరి దగ్గరే మూసీ పుడుతుంది. అది హైదరాబాదు దాటి, నల్లగొండ జిల్లాను తడిపి, వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది. నల్లగొండకు నీరు పంపే ఆ గుట్టలే నల్లగొండ చరిత్రలో లేని ఒక అధ్యాయాన్ని దాచుకున్నాయి.

లావా మీద లావా

దక్కను లావా ఒక్కసారిగా పొంగింది కాదు. భూమి పగుళ్లలోంచి విడతలు విడతలుగా ఉబికి వచ్చి, పొర మీద పొరగా పరుచుకుంది. ఈనాటికీ అది ఆక్రమించిన నేల 5 లక్షల చదరపు కిలోమీటర్లు. పడమటి కనుమల్లో దాని మందం కిలోమీటరు దాటుతుంది. తూర్పుకు వచ్చే కొద్దీ పలుచబడి, వికారాబాద్, తాండూరు ప్రాంతానికి అంచుగా మిగిలింది. ఒక ప్రవాహానికీ మరో ప్రవాహానికీ మధ్య వేల ఏళ్ల విరామం దొరికేది. ఆ విరామంలో చల్లారిన లావా మీద వాన పడి గుంటలు నిండేవి, చెరువులయ్యేవి, చెట్లు మొలిచేవి, చేపలు, కప్పలు, పాములు చేరేవి. తర్వాతి లావా వచ్చి ఆ చెరువును మూసేసేది. అలా నల్లరాతి నడుమ చిక్కుకున్న పలుచటి మట్టి, సున్నపురాతి పొరలను లావా మధ్య పొరలు అంటాం. నస్కల్ అలాంటి ఒక పొర.

ఈ పొరల్లో ప్రాణి జాడలున్నాయని తెలిసి రెండు వందల ఏళ్లు కావస్తోంది. లాంబ్టన్ నడిపిన మహా త్రికోణమితి సర్వేలో వైద్యుడిగా, భూగర్భ పరిశీలకుడిగా పనిచేసిన హెన్రీ వాయ్సీ 1820 ప్రాంతంలో హైదరాబాద్ రాజ్యపు రాళ్లను మొదటిసారి క్రమపద్ధతిలో నమోదు చేశాడు. 1824లో చనిపోయాడు. ఆ తర్వాత మద్రాసు సైన్యంలో వైద్యుడైన జాన్ మాల్కమ్‌సన్ హైదరాబాదు నుంచి నాగపూర్ పోయే దారిలో, నిర్మల్ వైపు గుట్టల్లో లావా నడుమ చిక్కిన మంచినీటి నత్తల శిలాజాలు సేకరించి 1837లో లండన్ భూగర్భ సంఘం ముందుంచాడు. లావా నడుమ చెరువులుండేవన్న ఊహకు అవే తొలి గట్టి ఆధారం.

అటు తర్వాత వచ్చినవాడు స్టీఫెన్ హిస్లాప్. స్కాట్లండు నుంచి నాగపూర్ వచ్చిన క్రైస్తవ మిషనరీ. మతబోధతో పాటు రాళ్లను, గోండుల జీవితాన్ని శ్రద్ధగా చదివాడు. సహచరుడు రాబర్ట్ హంటర్‌తో కలిసి నాగపూర్ చుట్టుపక్కల లావా మధ్య పొరల్లోని నత్తలు, మొక్కలు, కీటకాల శిలాజాలను వెలికి తీశాడు. మలేరి శిలాజాలు యూరప్ శాస్త్రజ్ఞుల చేతికి అందడంలోనూ అతని పాత్ర పెద్దది. 1863లో నాగపూర్ సమీపంలో వాగు దాటుతూ మునిగి చనిపోయాడు. నూట పాతికేళ్ల తర్వాత నస్కల్ ప్రాణికి జాతి పేరు పెట్టవలసి వచ్చినప్పుడు శాస్త్రవేత్తలు అతణ్ని తలచుకుని దక్కనోలెస్టెస్ హిస్లోపి అన్నారు.

లావా వయసు మీద తగవు

శిలాజాలున్నాయని తేలినా వాటి వయసు తేలలేదు. ఈ లావా రాక్షసబల్లుల కాలందా, ఆ తర్వాతి కాలందా? ప్రసిద్ధ వృక్షశిలాజ శాస్త్రజ్ఞుడు బీర్బల్ సాహ్నీ లావా మధ్య పొరల్లోని తాటిజాతి చెట్ల, నీటి ఫెర్న్ల శిలాజాలను పరిశీలించి, ఇది రాక్షసబల్లుల తర్వాతి యుగందని వాదించాడు. 1940లో మద్రాసులో జరిగిన భారత సైన్స్ కాంగ్రెస్‌కు అధ్యక్షుడిగా చేసిన ప్రసంగాన్ని ఆయన ఈ విషయానికే అంకితం చేశాడు. ఆయన మాటకు ఉన్న గౌరవం వల్ల దశాబ్దాల పాటు ఆ అభిప్రాయమే బలంగా నిలిచింది.

ఆ వాదాన్ని తిరగరాసిన బృందానికి నాయకుడు బీర్బల్ సాహ్నీ తమ్ముడి కొడుకు అశోక్ సాహ్నీ. చండీగఢ్‌లోని పంజాబ్ విశ్వవిద్యాలయంలో ఆయన పట్టుకున్న మార్గం సూక్ష్మ శిలాజాల మార్గం. పెద్ద ఎముకల కోసం చూడకుండా, బస్తాల కొద్దీ మట్టి తెచ్చి, ఎండబెట్టి, నీళ్లలో నానబెట్టి, సన్నటి జల్లెడలో కడిగి, మిగిలిన రవ్వను సూక్ష్మదర్శిని కింద గింజ గింజగా ఏరడం ఆ పద్ధతి. ఓర్పు లేనివాడికి చేతకాని పని. 1980లలో నాగపూర్ దగ్గరి తకలీ వంటి చోట్ల లావా నడుమ రాక్షసబల్లుల గుడ్ల పెంకులు, దంతాలు దొరకడంతో లావా వయసు మీద తగవు రాక్షసబల్లుల కాలం వైపు మొగ్గింది. పెదనాన్న నిర్ణయాన్ని కొడుకు వరసైనవాడు ఆధారాలతో సరిదిద్దాడు. శాస్త్రంలో పెద్దలకు దక్కే అసలైన గౌరవం వాళ్ల ప్రశ్నను విడవకుండా ముందుకు తీసుకుపోవడంలోనే ఉంది.

1988: తొలి దంతం

అశోక్ సాహ్నీ దగ్గర పరిశోధన చేసిన గుంటుపల్లి వీర రాఘవేంద్ర ప్రసాద్ హైదరాబాదుకు పడమట సుమారు 70 కిలోమీటర్ల దూరాన ఉన్న నస్కల్ పొరల మీద పనిచేశారు. కప్పలు, బల్లులు, పాములు, మొసళ్లు, చేపల అవశేషాల నడుమ ఆ మట్టిలోంచి క్షీరదాల దంతాలు బయటపడ్డాయి. 1988లో ప్రసాద్, సాహ్నీ ఆ సంగతిని నేచర్ పత్రికలో ప్రకటించారు. రాక్షసబల్లుల చివరి యుగమైన క్రెటేషియస్‌కు చెందిన క్షీరదం భారతదేశంలో దొరకడం అదే మొదలు.

దంతాలు అంత చిన్నవైనా శాస్త్రవేత్తలు ఇంత సంబరపడటానికి కారణముంది. క్షీరదాల్లో ఏ రెండు జాతుల దవడ పళ్లూ ఒక్కలా ఉండవు. మెట్టలు, లోయలు, గట్లు ఎక్కడెక్కడున్నాయో చూసి అది ఏ వంశందో, ఏం తినేదో చెప్పవచ్చు. నస్కల్ దంతాలు కీటకాలను కొరికి నమిలే ప్రాణివని, అది యూథీరియన్ వంశందని తేలింది. యూథీరియన్ అంటే తల్లి కడుపులో మావి ద్వారా పిల్లను పెంచే క్షీరదాలన్నిటికీ మూలమైన పెద్ద కొమ్మ. మనిషి, ఆవు, గబ్బిలం, తిమింగలం అన్నీ ఆ కొమ్మ చివుళ్లే. 1994లో అదే నస్కల్ నుంచి కాస్త పెద్ద దంతాలున్న మరో జాతిని, దక్కనోలెస్టెస్ రోబస్టస్‌ను, ప్రసాద్ ఫ్రెంచి శాస్త్రవేత్తలతో కలిసి వర్ణించారు. మధ్యప్రదేశ్‌లోని కిసల్‌పురి నుంచి 2010లో మూడో జాతి చేరింది.

1994లోనే ప్రసాద్, మార్క్ గొదినో మరో సాక్ష్యం తెచ్చారు. అవి చీలమండ ఎముకలు. పాదం ఎటు తిరగగలదో, ఎంత వంగగలదో చీలమండ చెబుతుంది. ఈ ప్రాణి పాదం కొమ్మలను పట్టి ఎక్కడానికి తగిందని ఆ ఎముకల తీరు చెప్పింది. 2010లో డగ్ బోయర్, ప్రసాద్, మరికొందరు ఒక భుజపు ఎముకను, రెండు మోచేతి ఎముకలను పరిశీలించి చెట్లెక్కే జీవితమన్న మాటను బలపరిచారు. లావా విరామాల్లో మొలిచిన అడవుల్లో కొమ్మ నుంచి కొమ్మకు పురుగుల వేటలో తిరిగిన చిన్న జీవి రూపం అలా ఎముక ఎముకగా పూర్తయింది.

వంశవృక్షంలో చోటు

ఈ ప్రాణి ఎవరికి బంధువు? ఇక్కడే ఏళ్ల తరబడి చర్చ నడిచింది. చెట్లెక్కే తీరు, ఎముకల పోలికలు చూసిన కొందరు దీన్ని కోతులు, చెట్టు చుంచులు ఉన్న కొమ్మకు దగ్గరగా పెట్టారు. 2010 నాటి భుజపు ఎముక పత్రం కూడా అటే మొగ్గింది. అదే నిజమైతే మనుషుల దూరపు పూర్వీకుల బంధువు తెలంగాణ లావా అంచున బతికిందన్నమాట. ఆ మాట విని ఎవరి మనసు ఉప్పొంగదు?

కానీ శాస్త్రం ఉప్పొంగిన మనసు దగ్గర ఆగలేదు. ఆఫ్రికా, యూరప్‌లలో రాక్షసబల్లుల తర్వాతి కాలంలో బతికిన అడాపిసోరిక్యులిడ్ అనే చిన్న క్షీరదాల దంతాలకూ దక్కనోలెస్టెస్ దంతాలకూ ఉన్న పోలికలు ముందుకు వచ్చాయి. మొరాకోలో దొరికిన ఆఫ్రోడాన్ ఆ కుటుంబందే. 2011లో అంజలి గోస్వామి, ప్రసాద్, వారి సహచరులు అనేక క్షీరదాల లక్షణాలను ఒకేచోట పోల్చి చూశారు. దక్కనోలెస్టెస్ ఆ కుటుంబానిదేననీ, నేటి మావి క్షీరదాల కొమ్మలన్నిటికీ కాస్త వెలుపల, యూథీరియన్ల మూలానికి దగ్గరగా ఉన్న పక్క కొమ్మ అనీ తేల్చారు. అంటే అది కోతులకు తాత కాదు. మనిషితో సహా మావి క్షీరదాలన్నిటికీ దాయాది.

దీన్ని దిగజారుడుగా చూడడం పొరపాటు. మావి క్షీరదాల వంశం ఎప్పుడు, ఎక్కడ విడివడిందన్నది జీవశాస్త్రంలో ఇప్పటికీ నడుస్తున్న పెద్ద ప్రశ్న. ఆ ప్రశ్నకు క్రెటేషియస్ చివరి నుంచి సాక్ష్యం చెప్పగల నేలలు ప్రపంచంలో కొన్నే. అందులో నస్కల్ ఒకటి. ఊహలను దిద్దుకునే ధైర్యం, ఆ దిద్దుబాటుకు అవసరమైన ఎముక, రెండూ మన నేల నుంచే వచ్చాయి.

ద్వీపం మీదికి ఎలా వచ్చింది?

దక్కనోలెస్టెస్ బతికిన కాలంలో భారతదేశం ఆసియాలో భాగం కాదు. సుమారు 9 కోట్ల ఏళ్ల కిందట మడగాస్కర్ నుంచి విడిపోయి, సముద్రంలో ఉత్తరానికి సాగుతోంది. ఆ ప్రయాణంలో ఒక దశలో దాని వేగం ఏడాదికి 15 సెంటీమీటర్లు దాటింది. ఆసియాను ఢీకొన్నది ఇంకా కోటిన్నర ఏళ్ల తర్వాత. అటువంటి ఒంటరి భూఖండం మీద యూథీరియన్ క్షీరదం ఎలా చేరింది? ఆ కాలానికి యూథీరియన్ల శిలాజాలు ప్రధానంగా ఉత్తరాది ఖండాల్లోనే దొరుకుతున్నాయి.

నస్కల్ ఈ చిక్కుముడిని మరింత బిగించింది. 1997లో డేవిడ్ క్రాస్, ప్రసాద్, సాహ్నీ మరికొందరు అక్కడి నుంచే గోండ్వానాథీర్ అనే వేరే వంశపు క్షీరదాన్ని వెల్లడించారు. దాని బంధువులు మడగాస్కర్‌లో, అర్జెంటీనాలో ఉన్నాయి. అంటే ఒకే చెరువు ఒడ్డున దక్షిణాది బంధువూ, ఉత్తరాది బంధువులా కనిపించే ప్రాణీ కలిసి బతికాయి. నడుమ ద్వీపాల మీదుగా ఆసియా నుంచి వచ్చాయా, ఆఫ్రికా దారిన వచ్చాయా, లేక యూథీరియన్ కొమ్మ దక్షిణాదిలో ఇంకా పాతగా ఉండేదా అన్న మూడు దారుల మీదా వాదనలున్నాయి. 2003లో నస్కల్‌కు సమీపంలోని రంగాపూర్ నుంచి రాణా, విల్సన్ వర్ణించిన సాహ్నిథీరియం ఈ చర్చకు మరో ఆధారం ఇచ్చింది. ఆ పేరు అశోక్ సాహ్నీ గౌరవార్థం పెట్టిందే. ఒక చెరువు మట్టి ఖండాల కదలిక మీద ప్రశ్నలు లేవదీయగలగడం ఈ మొత్తం కథలో అన్నిటికన్నా విశేషం.

మహావినాశపు గడప

1980లో అల్వారెజ్ బృందం ఉల్క ఢీకొన్న జాడను ప్రకటించింది. తర్వాత మెక్సికోలోని చిక్సులూబ్ బిలం బయటపడింది. రాక్షసబల్లుల అంతానికి ఆ ఉల్కే ప్రధాన కారణమని ఎక్కువమంది శాస్త్రవేత్తలు ఒప్పుకుంటున్నారు. అదే కాలంలో పొంగిన దక్కను లావా చేసిన చేటు ఎంత అన్నది మాత్రం ఇంకా చర్చలోనే ఉంది. ఆ చర్చలో తెలుగు నేలకు ఇద్దరు సాక్షులున్నారు. ఒకరు రాజమహేంద్రవరం. దక్కను లావా వెయ్యి కిలోమీటర్లకు పైగా పారి గోదావరి ముఖం దాకా చేరింది. అక్కడి క్వారీల్లో లావా నడుమ ఉన్న సముద్రపు సూక్ష్మజీవుల శిలాజాలను గెర్టా కెల్లర్ బృందం 2008లో పరిశీలించి, ఆ పొరలు మహావినాశం తర్వాత మొదటి దశవని చెప్పింది.

రెండో సాక్షి నస్కల్. 2022లో గ్రెగరీ విల్సన్ మాంటిల్లా, పాల్ రెన్నే, బందనా సామంత్, ధనంజయ్ మొహబే మరికొందరు నస్కల్ పొర కింద, పైన ఉన్న లావాల వయసును ఆర్గాన్ పద్ధతిలో కొలిచారు. నస్కల్ క్షీరదాలు మహావినాశానికి కొద్దిగా ముందువి, తేడా సుమారు లక్ష ఏళ్ల లోపు అని తేలింది. ఆ పత్రంలోనే ఇండోక్లెమెన్సియా అనే కొత్త ప్రజాతి కూడా చేరింది. కోట్ల ఏళ్ల లెక్కలో లక్ష ఏళ్లంటే గడప మీద నిలబడినట్టే. ఆ గడపకు ఇవతల నస్కల్, అవతల రాజమహేంద్రవరం. మహావినాశానికి ముందూ వెనకా ఉన్న జీవాన్ని తెలుగు నేలే రెండు వైపుల నుంచీ చూపిస్తోంది.

దక్కనోలెస్టెస్ తర్వాతి కాలపు పొరల్లో కనిపించదు. కానీ దాని కుటుంబం ఆఫ్రికాలో, యూరప్‌లో మహావినాశం దాటి బతికింది. చిన్న ఒళ్లు, కొమ్మల మీది బతుకు, పురుగుల తిండి ఉన్న వంశం ఆ గడప దాటగలిగింది. కొండంత కోటాసారస్‌ను చూసి ఆశ్చర్యపోయే మన పిల్లలకు ఈ చిన్న వంశం సంగతి కూడా చెప్పాలి. నేటి క్షీరదాల లోకం చిన్నవాటి ఓర్పు మీద నిలబడిందన్న పాఠం నస్కల్ మట్టిలో ఉంది.

మనం చేయవలసింది

ఈ రెండు వందల ఏళ్లలో ఒక సంగతి స్పష్టమవుతుంది. దక్షిణ తెలంగాణ రాయికి మనం ధర కట్టిన ప్రతిసారీ అది గ్రానైట్ పలకగానో, తాండూరు బండగానో, కంకరగానో, యురేనియం గనిగానో కనిపించింది. సాక్ష్యంగా కనిపించలేదు. లావా మధ్య పొరలు మీటరుకు అటూ ఇటూ మందంతో, పొలాల అంచుల్లో, రోడ్డు కోతల్లో, బావి తవ్వకాల్లో బయటపడతాయి. ఒక క్వారీ, ఒక రోడ్డు వెడల్పు పని, ఒక చదును యంత్రం చాలు, ప్రపంచంలో మరోచోట దొరకని సాక్ష్యం కంకరలో కలిసిపోవడానికి. పోయిన కోటగోడను మళ్లీ కట్టవచ్చు. పోయిన పొరను ఎవరూ కట్టలేరు.

తిరుమల శిలాతోరణానికి జాతీయ భూగర్భ స్మారక చిహ్నంగా దక్కిన గుర్తింపు నస్కల్ పొరకూ దక్కాలి. జిల్లా గనుల శాఖ కొత్త క్వారీలకు అనుమతి ఇచ్చే ముందు లావా మధ్య పొరలున్న చోట్ల భూగర్భ సర్వేక్షణ సంస్థ అభిప్రాయం తప్పనిసరి కావాలి. పరిగి, వికారాబాద్, కొడంగల్ మండలాల్లో బావి తవ్వే రైతుకు, పొక్లెయిన్ నడిపే కుర్రాడికి ఆ తెల్లటి, బూడిదరంగు మట్టిపొర విలువ ఏమిటో తెలుగులో చెప్పే ఒక చిన్న పుస్తకం కావాలి. శాస్త్రపత్రాల్లో ఉన్నదాన్ని వాళ్ల చేతికి అందించడం అంత కష్టమైన పనేమీ కాదు. చేయాలన్న సంకల్పమే ఇన్నాళ్లూ కొరవడింది.

దేవరకొండ డిగ్రీ కళాశాల విద్యార్థులు కోట చూడటానికి వెళ్లినట్టే, ఒక రోజు బస్సు కట్టుకుని పడమటికి వెళ్లాలి. దారిలో చెలక నేల రేగడిగా మారే చోట ఆగాలి. 250 కోట్ల ఏళ్ల గ్రానైట్ మీద 6.6 కోట్ల ఏళ్ల లావా ఎలా కూర్చుందో చూడాలి. మూసీ పుట్టిన గుట్ట ఏ రాయిదో తెలుసుకోవాలి. నస్కల్ దంతం బొమ్మ వాళ్ల పాఠ్యపుస్తకంలో పద్మనాయకుల కోట బొమ్మ పక్కనే ఉండాలి. అప్పుడే ఈ ఎత్తు నేల పిల్లలకు తమ ఊరి చరిత్ర రాజులతో మొదలు కాలేదని, ప్రాణం మొత్తం కథలో తమ ఊరికీ ఒక పేజీ ఉందని తెలుస్తుంది. ఆ పేజీని రాసిపెట్టడం ప్రసాద్, సాహ్నీ తరం చేసేసింది. చదివించే బాధ్యత ఇప్పుడు మన తరానిది.